పదహారు నిమిషాల చప్పుడు

వదినకు మూడో మెమో అందితే ఉద్యోగం ఊడినట్టే. మొదటి రెండూ టైపు చేసింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆవిడ మరదలే! ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో వదినది పెద్ద మిషన్ దగ్గర పని, మరదలిది ఆఫీసు గదిలో టైపు పని. "కారణం లేకుండా మిషన్ ఆపినందుకు సంజాయిషీ ఇవ్వవలెను" అని సొంత అన్న భార్య మీదే రెండుసార్లు టైపు కొట్టింది. సాయంత్రం ఇంటికెళ్లి ఆవిడ వండిన కూరే వేసుకు తింది.

వదిన గొడవల్లా ఒక్కటే. మిషన్ బాగా వేడెక్కాక, డ్రమ్ము అటు నుంచి ఇటు తిరిగేటప్పుడు, లోపలెక్కడో 'కిర్రు... టంగ్' మంటోంది. అదీ ప్రతిసారీ కాదు, ఏ తొమ్మిది పది నిమిషాలకో ఒకసారి. వినపడగానే ఆవిడ స్విచ్చి కట్టేస్తుంది. మేనేజరు చిర్రుబుర్రులాడుతూ వస్తాడు. ఆయన్ని చాటున అందరూ నిమిషం సార్ అంటారు. ఎవరేం చెప్పబోయినా "ఒక్క నిమిషంలో తేల్చు" అంటాడు మరి. మిషన్ దగ్గరా నిమిషమే నిలబడతాడు. ఏమీ వినపడదు. "రోగం మిషన్‌కి కాదు, నీ చెవులకి" అని చక్కా పోతాడు.

ఇంట్లోనూ అదే రామాయణం. "ఆ డ్రమ్ము ఊడిందంటే మనిషి దక్కదే" అని ఇరవై రోజులుగా కంచం ముందు వదిన పోరు. "సరేలే వదినా, అన్నం తిను" అనడం మరదలికి అలవాటైపోయింది.

సోమవారం నిమిషం సార్ ఆమెను పిలిచాడు. "శుక్రవారం కంపెనీ మెకానిక్ వస్తున్నాడు. అతను కూడా బాగుందంటే మూడోది కొట్టెయ్."

కొట్టెయ్యాలట! మరదలికి ఒళ్లు మండింది. వదిన మాట నిజమో భ్రమో ఆమెకూ తెలియదు, కానీ మూడోది మాత్రం తన చేత్తో కొట్టేది లేదు. చప్పుడుంటే పట్టి చూపిద్దాం, లేకపోతే వదిన నోరైనా మూతపడుతుంది అనుకుంది.

ఆఫీసు కంప్యూటర్‌లో, దాంతో పాటే వచ్చిన సౌండ్ రికార్డర్ ఒకటుంది. మైకు తగిలించి మీట నొక్కింది. అరవై సెకన్లు తిరిగాయో లేదో టక్కున ఆగిపోయింది. మళ్లీ నొక్కింది, మళ్లీ ఆగింది. "ఓరి నీ దుంపతెగ! నువ్వూ నిమిషం సార్‌వేనా?" అని దాన్ని తిట్టిపోసింది.

పట్టిందంటే వదిలే రకం కాదు. మంగళవారమంతా, తీరిక దొరికినప్పుడల్లా, అందులో ఉన్న మెనూలన్నీ తెరిచి చూసింది. ఒకచోట ఫైల్లో ఇంకో ఫైలు చేర్చే వీలుంది. అలా పొడుగు చేసిన ఫైలును మొదటికి తెచ్చి, దాని మీద రికార్డు చేస్తే, అది ఎంత పొడుగుంటే అంతసేపూ సాగుతోంది! అయితే ముందు ఏ చప్పుడూ లేని నిమిషం ఒకటి కావాలి.

బుధవారం మధ్యాహ్నం వదిన క్యారియర్ తెచ్చుకుని తినడానికి వచ్చాక, ఆఫీసు గది తలుపేసింది. "వదినా, ఒక్క నిమిషం నోరు మెదపకు."

"నేనెప్పుడు మెదిపానే?"

నలభయ్యో సెకనులో వదిన "కూరలో ఉప్పు చాల్లేదే" అంది. రెండోసారి చెంచా జారవిడిచింది. మూడోసారి మరదలు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది. ఆ నిమిషానికి అదే నిమిషాన్ని చేర్చింది. రెండయింది. రెండుకు రెండు, నాలుగు. తర్వాత ఎనిమిది. తర్వాత పదహారు. మరదలు కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

గురువారం భోజనాల వేళ ఇద్దరూ కంప్యూటర్‌ను దుప్పట్ల బండి మీద పెట్టి మిషన్ పక్కకు తోసుకొచ్చారు. అరవయ్యో సెకను దాటింది, ఆగలేదు. తొమ్మిదో నిమిషంలో 'కిర్రు... టంగ్'. భ్రమ కాదు, నిజమే! వదిన చెయ్యి స్విచ్చి మీదకు పోయింది.

"వద్దొదినా! ఇప్పుడాపితే, మళ్లీ ఆపావని రేపు మూడోది తప్పదు."

ఆ మిగతా నిమిషాలు ఇద్దరూ బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు.

శుక్రవారం నిమిషం సార్ వదినను పక్కన కూర్చోబెట్టి, మిషన్ దగ్గర ఇస్త్రీ ఆవిడను పెట్టాడు. మెకానిక్ వచ్చి రెండు నిమిషాలు విని, "బాగానే ఉంది కదండీ" అన్నాడు. మరదలు అడ్డం వచ్చింది.

"సార్, ఆఫీసులోకి రండి. పది నిమిషాలు కూర్చుని వినాలి."

"ఒక్క నిమిషం వినిపించు చాలు," అన్నాడు మేనేజరు.

"ఆ ఒక్క నిమిషంలో రాదు సార్. మీరెప్పుడూ నిమిషమే నిలబడ్డారు, అందుకే మీకు వినపడలేదు."

మెకానిక్ కూర్చున్నాడు. నాలుగో నిమిషంలో మేనేజరు గడియారం చూసుకున్నాడు. ఏడో నిమిషంలో లేచాడు. మరదలు తన కుర్చీ లాక్కెళ్లి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది.

తొమ్మిదో నిమిషం. 'కిర్రు... టంగ్'.

మెకానిక్ దిగ్గున లేచాడు. "ఆపండి! ముందు ఆ మిషన్ ఆపండి!" అంటూ ఒక్క అంగలో గుమ్మం దాటాడు. అందరూ వెనకే పరిగెత్తారు. అతనే స్విచ్చి కట్టి, ఇస్త్రీ ఆవిడను పక్కకు లాగి, వెనక మూత విప్పాడు. డ్రమ్మును మోసే ఇనప కడ్డీ మీద వేలెడు పొడుగున పగులు. ఇస్త్రీ ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

నిమిషం సార్ చెమట తుడుచుకున్నాడు. "మెమోలు రెండూ వెనక్కి తీసుకుంటానమ్మా. అయినా ఇంత ప్రమాదమైతే గట్టిగా చెప్పొద్దూ?"

వదిన ఆయన ముందు ఏనాడూ గొంతు పెంచి ఎరగదు.

"ఇరవై రోజులు చెప్పాను సార్! ఇక్కడ చెప్పాను, ఇంట్లో చెప్పాను. నేను చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఆ డబ్బా చెబితే అందరూ పరిగెత్తుకొచ్చారు."

ఆవిడ బావురుమంది. మేనేజరు తల దించుకున్నాడు. కానీ 'ఇంట్లో చెప్పాను' అన్న ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది.

"వదినా," అంది మరదలు.

"ఏమే?" అంది వదిన కళ్లు తుడుచుకుంటూ.

మరదలు ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని, "ఇంకా చెప్పు, వింటాను" అంది.