శరీర వయసు ముప్పై ఎనిమిది

నేను ఒక బరువు చూసే యంత్రాన్ని. కూరగాయల బండి మీద ఉండే రకం కాదు. మనుషులు స్నానాలగది పక్కన పెట్టుకుని, పొద్దున్నే ఎక్కి, దిగి, ఆ రోజంతా మొహం మాడ్చుకుని తిరిగే రకం. నల్లటి గాజుపలక, నాలుగు మూలలా నాలుగు లోహపు బిళ్ళలు, కడుపులో మూడు బ్యాటరీలు. నా స్వరూపం ఇంతే.

ఫ్యాక్టరీలో నా మీద ఇనుప దిమ్మలు పెట్టి పరీక్షించారు. ఇరవై కిలోల దిమ్మ తను ఇరవై కిలోలని ఒప్పుకునేది. "ఇందాకే మంచినీళ్ళు తాగాను, అందుకే" అని వాదించేది కాదు. అంతటి నిజాయితీపరులు ఆ తర్వాత నాకు ఎదురుపడలేదు.

పరీక్ష అయ్యాక నన్ను అట్టపెట్టెలో పెట్టి, దాని మీద 'పదమూడు కొలతలు' అని అచ్చువేశారు. కొవ్వు, కండ, ఎముక, నీరు, శరీర వయసు, ఇంకా ఏవేవో. నిజం చెప్పాలంటే నేను కొలిచేవి రెండే. ఒకటి బరువు. రెండోది, పాదాల గుండా చిన్న కరెంటు పంపి అది ఒంట్లో ఎంత తేలిగ్గా పారిందన్నది. మిగతా పదకొండూ ఫోనులో ఉండే యాప్ మీ ఎత్తూ వయసూ అడిగి కట్టే అంచనాలు. జాతకం చెప్పేవాళ్ళు కనీసం నక్షత్రమైనా అడుగుతారు.

నన్ను కొన్నది సామర్లకోటలో పలివెల నూకరాజు గారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మెడలో విజిల్, చేతిలో బెత్తం, ముందు ఒక అడుగు దూరంలో పొట్ట. మైదానంలో పిల్లల్ని నాలుగు చుట్లు పరిగెత్తించి, తను మాత్రం గోల్‌పోస్టు నీడలో కుర్చీ వేసుకుని కూర్చునేవారని వాళ్ళావిడే చెప్పేది. ఆవిడ పేరు రత్నమాణిక్యం. అందరూ మాణిక్యం అనేవారు. నలభై ఏడేళ్ళు. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ కొలతలు ఆమె నోటికి తెలుసు. వాటిని ఎవరికీ చెప్పేది కాదు. నాకు లేని మర్యాద అది.

నేను ఆ ఇంటికి రావడానికి కారణం మార్నింగ్ వాకర్స్ క్లబ్బు వారు పెట్టిన దంపతుల పోటీ. మూడు నెలల్లో ఏ జంట కలిపి ఎక్కువ బరువు తగ్గితే వాళ్ళకి ప్రెషర్ కుక్కరు బహుమతి. బరువు తగ్గినందుకు వంటపాత్ర ఇవ్వాలన్న ఆలోచన క్లబ్బు అధ్యక్షులు, రిటైర్డు పోస్టుమాస్టరు విశ్వేశ్వరం గారిది. ప్రతి ఆదివారం నా మీది అంకె ఫోటో తీసి క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.

జూన్ మధ్యలో మొదటి తూకం. మాస్టారు తొంభై నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. మాణిక్యం అరవై ఎనిమిదిన్నర.

"డ్రిల్లు మాస్టారిని అయ్యుండి ఓడిపోతే పిల్లలు నవ్విపోతారే," అన్నారాయన.

"ఇప్పుడు మాత్రం ఊరుకుంటన్నారా ఏంటండీ," అందావిడ.

ఆ తర్వాత ఆయన నన్ను గెలవడానికి చేసిన యుద్ధం చూసి తీరవలసిందే. ముందు వాచీ తీశారు. తర్వాత విజిల్ తీశారు. ఒంటికాలి మీద నిలబడ్డారు. తువ్వాలు కడ్డీ పట్టుకుని సగం వేలాడారు. నన్ను ఈ టైలు మీంచి ఆ టైలు మీదకి జరిపారు, నేల వంకరగా ఉందని. అన్నం మానేసి, నూనెలో వేయించిన జీడిపప్పు "ప్రోటీను" అని తిన్నారు. నెలరోజులకి తొమ్మిది వందల గ్రాములు తగ్గారు. అందులో నాలుగు వందల గ్రాములు క్షవరం అని నా అనుమానం.

మాణిక్యం మాత్రం ఏమీ చెయ్యలేదు. మూడు పూటలా తింది. మిషను తొక్కింది. నెలరోజుల్లో నాలుగు కిలోలు తగ్గింది.

నూకరాజు గారికి మొదట అసూయ కలిగింది. తర్వాత లెక్క వేసుకుని చూస్తే, పోటీ ఇద్దరి బరువూ కలిపి కాబట్టి, అసూయ పడాల్సిన అవసరం లేదని తెలిసింది. అప్పట్నుంచీ గర్వపడ్డారు. ఆదివారం ఆదివారం ఆమె అంకెని గ్రూపులో పెట్టి, కింద "మా ఇంటి ఛాంపియన్" అని రాసేవారు. బొటనవేళ్ళ బొమ్మలు నలభై వచ్చేవి.

నేను ఉండేది స్నానాలగది గుమ్మం పక్కన. అక్కడ ఉంటే ఒక సంగతి తెలుస్తుంది. జూలై చివరికి మాణిక్యం పగలూ రాత్రీ నన్ను దాటుకుంటూ లోపలికి వెళ్ళడం ఎక్కువైంది. వస్తూ వస్తూ బిందె దగ్గర ఆగి రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగేది. మళ్ళీ గంటకే వచ్చేది. ఆ సంగతి పదమూడు కొలతల్లో లేదు. ఉన్న కొలతల్లో ఒకదాన్ని మాత్రం యాప్ పట్టుకుంది. "కండ తగ్గుతోంది, వైద్యుణ్ణి కలవండి" అని మాస్టారి ఫోనుకి పంపింది. ఆయన చదివారు. వేలితో పక్కకి తోసేశారు. మొత్తం మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ తోసేశారు. అదే యాప్ ఆ పక్కనే "శరీర వయసు ముప్పై ఎనిమిది" అని పచ్చరంగులో చూపించింది. దాన్ని మాత్రం ఆయన తోసెయ్యలేదు. వచ్చినవాళ్ళందరికీ చూపించారు.

శ్రావణమాసం జాకెట్ల ఒత్తిడిలో మాణిక్యం బాగా నీరసపడింది. చివరి మూడు వారాలు నా మీద ఎక్కనేలేదు. "ఎక్కితే కళ్ళు తిరుగుతన్నాయండి," అంటే మాస్టారు గ్రూపులో "చివరిరోజు సర్ప్రైజు" అని రాసి ఊరుకున్నారు.

పోటీ ముగిసే ముందురోజు, శనివారం పొద్దున, ఆమె కొత్త జాకెట్ తొడుక్కుని గుమ్మం పక్క అద్దంలో చూసుకుంది. భుజం జారింది. మెడలోంచి టేపు తీసి తన చెయ్యి తనే కొలుచుకుంది. మళ్ళీ కొలిచింది. తర్వాత భర్తని పిలిచింది.

"ఏవండీ, ఇలా చూడండి. జూన్లో నా చెయ్యి పన్నెండున్నర. ఇప్పుడు పదంగుళాలు లేదు. కొవ్వు కరిగితే నడుం దగ్గర తెలవాలండి. పాతికేళ్ళబట్టి ఆడాళ్ళని కొలుస్తన్నాను. చెయ్యి ఇలా పీక్కుపోయిందంటే ఒంట్లో ఏదో ఉన్నట్టే. నాకు భయంగా ఉంది."

ఆయన ఫోను తెచ్చి చూపించారు. "ఇదిగో, ఏమంటందో చూడు. ముప్పై ఎనిమిదేళ్ళ ఒళ్ళంట నీది! మెషీను కంటే టేపుకి ఎక్కువ తెలుసా? కొవ్వు కరిగేటప్పుడు నీరసం మామూలే. రేపొక్కరోజు ఓపిక పట్టు, సోమవారం డాక్టరు దగ్గరికెళ్దాం."

ఆమె టేపు చుట్టి మెడలో వేసుకుంది. ఆ గుడ్డటేపుకి బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు, యాప్ లేదు. అది చెప్పిందే నిజం. నాకు అప్పుడు మాట వచ్చి ఉంటే "ముప్పై ఎనిమిది అనేది ఉత్త అంచనా, దాన్ని నమ్మకండి" అని ఉండేదాన్ని. నాకు అంకెలు తప్ప మాట రాదు.

ఆదివారం తూకానికి నన్నే తీసుకెళ్ళారు. అన్నిట్లోకీ నేనే గొప్పదాన్నని మాస్టారు గ్రూపులో ఒప్పించారు. స్కూలు మైదానంలో జెండా దిమ్మ పక్కన సిమెంటు అరుగు మీద నన్ను పెట్టారు. మైకు, కుర్చీలు, రాగిజావ, దానితో పాటు ఎవరు తెచ్చారో కానీ పళ్ళేల నిండా మైసూర్ బజ్జీలు. జంటలు ఒక్కొక్కరే వచ్చి ఊపిరి బిగబట్టి ఎక్కారు. ఊపిరికి బరువుంటుందన్న నమ్మకం మనుషుల్లో చాలా గట్టిది.

మాణిక్యం మాస్టారి భుజం పట్టుకుని ఎక్కింది. యాభై ఐదు కిలోల తొమ్మిది వందలు. మనిషిని నేను గుర్తుపట్టేది పాత అంకెని బట్టే. ఈ కొత్త అంకె నా దగ్గరున్న ఎవరి అంకెకీ దగ్గరగా లేదు. అందుకని ఫోనులో "కొత్త అతిథికి స్వాగతం!" అని వచ్చింది. మాస్టారు చప్పున ఆ పక్కన భార్య పేరు నొక్కేశారు. రెండు నెలలకి పైగా మోసినదాన్ని, నేనే ఆమెని గుర్తుపట్టలేదు. పక్కన నిలబడ్డ మనిషికి అది కూడా వింతగా అనిపించలేదు.

చప్పట్లు మోగాయి. ఆడవాళ్ళు చుట్టుముట్టారు. "ఏం మానేశారండీ? అన్నమా? పంచదారా?"

"ఏవీ మానలేదమ్మా," అంది మాణిక్యం, కుర్చీ వెతుక్కుంటూ. "ఇదివరకటికంటే ఎక్కువే తింటన్నాను. అదే నా భయం."

వెనకాల బజ్జీ తుంచుకుంటున్న ఎస్తేరమ్మ గారు ఆ మాట విని పళ్ళెం పక్కన పెట్టేశారు. ప్రభుత్వాసుపత్రిలో ముప్పై మూడేళ్ళు నర్సుగా చేసిన మనిషి.

"మాణిక్యం, ఇలా కూర్చో. దాహం ఎలా ఉంది?"

"ఎంత తాగినా తీరట్లేదండి."

"ఒంటేలుకి?"

"లెక్కే లేదండి."

"ఆ వేలికేంటి, కట్టు?"

"సూది దిగిందండి. నెల దాటింది, మానట్లేదు."

ఎస్తేరమ్మ గారు తన సంచిలోంచి సబ్బుబిళ్ళంత మిషను తీశారు. వాళ్ళాయనకి చక్కెర చూసేది. వేలికి పొడిచి చుక్క రక్తం తీసి చూశారు. మామూలుగా అంకె రావాలి. రాలేదు. తన కొలత దాటిపోయిందని మాత్రం చూపించింది. ఆ చిన్న మిషను ఒకే ఒక్క సంగతి చెప్తుంది. తెలియకపోతే తెలియదని ఒప్పుకుంటుంది. దాన్ని చూసి నేను మొదటిసారి సిగ్గుపడ్డాను.

సరిగ్గా అప్పుడే మైకులో విశ్వేశ్వరం గారు, "మొదటి బహుమతి, పలివెల నూకరాజు దంపతులు!" అన్నారు. మాస్టారు రెండడుగులు వేదిక వైపు వేశారు కూడా.

"మాస్టారూ, కుక్కరు ఎక్కడికీ పోదు. ఆటో పిలవండి," అన్నారు ఎస్తేరమ్మ గారు. ఆ గొంతు డ్రిల్లు మాస్టారి గొంతుకంటే గట్టిది. ఆయన వెనక్కి తిరిగి భార్య మొహం చూశారు. చూసిన మనిషి మరి వేదిక వైపు తిరగలేదు. మెడలో విజిల్ ఊగుతుంటే రోడ్డు మీదకి పరిగెత్తారు. ఆయన పరిగెత్తగా చూడడం ఆ క్లబ్బు వాళ్ళకి అదే మొదలు.

నన్ను అరుగు మీదే మర్చిపోయారు. మర్నాడు విశ్వేశ్వరం గారు కుక్కరుతో పాటు నన్నూ ఇంటికి చేర్చారు.

మాణిక్యం కాకినాడ ఆసుపత్రిలో ఆరు రోజులుంది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే స్పృహ లేకుండా తీసుకొచ్చేవారని డాక్టరు అన్నారట. ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం ఆమె మంచం మీద కూర్చుని భర్తని ఫోను అడిగింది. యాప్ తెరిచి పాత కబుర్లన్నీ కిందనుంచి పైదాకా చూసింది.

"కండ తగ్గతంది, డాక్టర్ని కలవమని మూడుసార్లు చెప్పిందండి ఇది. మీరు చదివారా?"

ఆయన అబద్ధం ఆడొచ్చు. నా మీద నిలబడి మూడు నెలలు ఆడారు. "చదివాను," అన్నారు.

"నన్ను ఒక్కసారి చూడాల్సిందండి," అంది. "ఒకే ఇంట్లో ఉన్నాం. అంకె చూశారు, మనిషిని చూళ్ళేదు."

ఆ తర్వాత ఆమె ఆయనతో కోపంగా మాట్లాడలేదు. అదే పెద్ద శిక్ష. "అన్నం పెట్టాను", "తలుపేసుకోండి", "ఇంజక్షన్ టైమైంది". అంతకు మించి మాటల్లేవు. ఆయన ఇన్సులిన్ ఇవ్వడం నేర్చుకున్నారు. మొదటిరోజు కళ్ళు మూసుకున్నారు. "ఎవరికి పొడుస్తారో చూసుకోండి," అంది ఆవిడ. అంతే, నవ్వలేదు.

వారానికోసారి బరువు చూడమన్నారు డాక్టరు. ఆమె ఎక్కేది. యాభై ఆరున్నర. యాభై ఏడున్నర. ప్రతిసారీ యాప్ ఎర్రబాణం చూపించి, "జాగ్రత్త! బరువు పెరుగుతున్నారు. ఈ రోజే నడక మొదలుపెట్టండి" అని పంపేది. మూడోవారం మాస్టారు ఆ యాప్ తీసేశారు. నా పదమూడు విద్యల్లో పన్నెండు ఆ క్షణంలో పోయాయి. నేను పెద్దగా బాధపడలేదు. ఇప్పుడు చెప్పేది ఒకటే కొలత, అది మాత్రం నిజం.

అట్టతో చేసిన స్కూలు క్యాలెండరు వెనక ఆయన పెన్సిలుతో ఆ అంకె రాసుకునేవారు. రాసే ముందు ఆమె మొహం చూసి, "నీరసంగా ఉందా?" అని అడిగేవారు. ఆమె తల అడ్డంగా ఊపేది.

కార్తీకమాసం మొదట్లో ఒక ఆదివారం పొద్దున విశ్వేశ్వరం గారు వచ్చారు. మాణిక్యం ముందుగదిలో మిషను కుడుతోంది. మాస్టారు ఆయన్ని వరండాలో కూర్చోబెట్టారు.

"మాస్టారూ, క్లబ్బువాళ్ళం మళ్ళీ పోటీ పెడతన్నాం. మీ పేరే ముందు రాసుకుంటన్నాను. ఇప్పుడు మేడమ్ గారు ఎంతున్నారు?"

నూకరాజు గారు లేచి నిలబడ్డారు. బళ్ళో పిల్లవాడికి జిల్లా ఫస్టొచ్చిందని చెప్పేటప్పటి గొంతుతో, వీధి చివరిదాకా వినబడేలా అన్నారు:

"మా ఆవిడ నాలుగు కేజీలు పెరిగిందండీ!"

విశ్వేశ్వరం గారు అభినందించాలో ఓదార్చాలో తెలియక కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయారు. లోపల కుట్టుమిషను ఆగింది. తర్వాత మాణిక్యం పకపకా నవ్వడం వినిపించింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

మాస్టారు ఆ నవ్వు విని, పెద్దమనిషిని వరండాలోనే వదిలేసి, లోపలికి నడిచారు.