లువా, నువా

"లకారం పాఠం నీకిచ్చారా? మీ బడిలో ఇంకెవరూ దొరకలేదా?" అన్నాడు భర్త తొయాన్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

గిన్నెలు కడిగి, కూతురు వీకి స్నానం చేయించి, లువా నేల మీద కూర్చుని మర్నాటి పాఠానికి బొమ్మలు కత్తిరిస్తోంది. వాళ్ల భాషలో లా అంటే ఆకు. నా అంటే సీతాఫలం. ఐదేళ్ల పిల్లల చేత ల, న అక్షరాలు పలికించాలి.

"ఆకుని కాస్తా సీతాఫలం చేసి పెడుతుందేమో" అంది అత్తగారు. ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో లువాని ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు. నవ్వేవారంతే.

ఆమెది నది అవతలి పల్లె. అక్కడివాళ్ల నోట్లో ల పలకాల్సిన చోట న, న పలకాల్సిన చోట ల వస్తాయి. తల్లి ఆమెను నువా అనే పిలిచేది. కోడలిగా హైఫాంగ్ పట్నంలో అడుగుపెట్టిన రోజు చుట్టాలు పేరడిగితే "నువా" అంది. గది గదంతా గొల్లుమంది. తొయాన్ ముద్దుగానే దగ్గరికొచ్చి, రెండు వేళ్లతో ఆమె ముక్కు మూసి, "ఇప్పుడు చెప్పు. ముక్కు మూస్తే న రాదు, ల వస్తుంది" అన్నాడు, అందరి ముందూ. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా ఆమె సరిగ్గా పలికింది. చప్పట్లు కొట్టారు.

తర్వాత నేర్చుకుంది. స్నానాలగదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడు మాటున పలికి పలికి నేర్చుకుంది. అయినా అలిసిపోతే, కోపమొస్తే నాలుక పుట్టింటికి పోయేది. అందుకని కోపం తెచ్చుకోవడం మానేసింది. మాట నోటిదాకా వచ్చాక అందులో ఆ రెండక్షరాలున్నాయేమో తడిమి చూసుకునేది. ఉంటే మరో మాట వెతికేది, దొరక్కపోతే ఊరుకునేది. బజార్లో పందిమాంసం కావాలంటే వేలు పెట్టి చూపించేది. కూతురికి వీ అని పేరు పెట్టింది కూడా తనే, పిలవడానికి భయం లేని పేరని. వాళ్ల భాషలో పని, వంట, నీళ్లు, చివరికి మాట్లాడటం అన్న మాట కూడా ఆ రెండక్షరాలతోనే మొదలవుతాయి. ఇక ఇంట్లో ఆమె చెప్పగలిగింది ఏం మిగులుతుంది? "మా కోడలు నోట్లో నాలుక లేని పిల్ల" అని అత్తగారు ఇరుగుపొరుగుకి చెప్పి మురిసిపోయేది.

పొద్దున బడి గేటు దగ్గరే హెడ్ టీచర్ హువే పట్టుకుంది. "పాఠం చూడ్డానికి పై ఆఫీసు వాళ్లొస్తున్నారు. ఆ దావో చేత పలికించకు. బొమ్మలు పంచమను, సరదాపడుతుంది."

దావో తల్లి చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. వాళ్లదీ నది అవతలే.

లువా తలూపింది. దావో బొమ్మలు పంచింది. పంచాక తన చోట కూర్చుని చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించలేదు. బరువెక్కితే రెండో చేత్తో పట్టుకుంది. వెనక గోడవారగా కూర్చున్నవాళ్లు ఆ చెయ్యి చూస్తూనే ఉన్నారు.

"చెప్పు, దావో."

దావో ఆకు బొమ్మ పైకెత్తి, "నా" అంది గట్టిగా.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పిల్లలూ నవ్వారు. దావో బొమ్మతో నోరు కప్పేసుకుంది. ముక్కు మూసి పలికించడం శిక్షణలో నేర్పిన పద్ధతే. లువా చెయ్యి ఆ పిల్ల ముఖం దాకా వెళ్లి ఆగిపోయింది. మోకాళ్ల మీద కూర్చుంది.

"మీ ఇంట్లో ఆకుని అలాగే అంటారు కదూ?"

దావో తలూపింది.

"మా అమ్మా అంతే. నన్ను నువా అంటుంది. ఇక్కడ లువా అంటారు. రెండు పిలుపులకీ నేను పలుకుతాను. బడిలో మాట ఎలా ఉంటుందో చూపిస్తా. నా నాలుక కొస చూడు, పైకెళ్లింది. గాలి పక్కలనుంచి పోవాలి."

దావో టీచర్ నోట్లోకి తొంగి చూసింది. ప్రయత్నించింది. మళ్లీ "నా" అనే వచ్చింది. "పర్లేదు, రేపు చూద్దాం" అంది లువా.

"టీచర్, మీ అమ్మ నన్నేమంటుంది?" అని అడిగింది లిన్ అనే పిల్ల.

"నిన్."

పిల్లలంతా పేర్లు తిప్పి పిలుచుకోవడం మొదలెట్టారు. నవ్వుల్లో దావో కూడా కలిసింది.

"మీ ఇంటి గోల పాఠంలో ఎందుకమ్మా?" అంది హువే తర్వాత. "మార్కులు కోసేశారు. వచ్చే ఏడు పెద్ద తరగతి నీకివ్వలేను."

"సరే మేడమ్" అంది లువా. బాధనిపించింది. తప్పు చేశానని మాత్రం అనిపించలేదు.

సాయంత్రం భోజనాల దగ్గర అత్తగారు పాప వైపు చూస్తూ, "ఈ వేసవికీ ఇంగ్లీషు క్లాసులో వేద్దాం. అమ్మమ్మ దగ్గరికి పంపితే నాలుక పాడవుతుంది" అంది. ఏటా అనేదే.

"ఫీజు కట్టేశాను" అన్నాడు తొయాన్.

లువా చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. "శనివారం వీని తీసుకుని మా ఊరు వెళ్తున్నాను. వేసవంతా అక్కడే ఉంటాం. మా అమ్మ ఎలా పలికితే పాపా అలాగే పలుకుతుంది. బడి తెరిచే ముందు వస్తాం."

తొయాన్ నోరు కాస్త తెరుచుకుంది, దిద్దడానికి. పాప అమ్మ ముఖంలోకే చూస్తోంది. తన మాటల్లో ఏ అక్షరం ఏదైపోయిందో లువా వినిపించుకోలేదు. చెప్పాల్సింది ఇంకా ఉంది, చెప్పుకుపోయింది.