మూడో పటంలోని వంపు

పటాలాయనకు పనిలో ఒక నియమం ఉండేది. కళ్ళతో చూసి, టేపుతో కొలిచి, ఖాయం చేసుకున్నదాన్ని మాత్రమే నిండు గీతతో గీయాలి; అనుమానం ఉన్నదాన్నీ, ఎవరో చెప్పగా విన్నదాన్నీ, జరిగితే బాగుండునని అనుకున్నదాన్నీ చుక్కల గీతతో సరిపెట్టాలి. విశ్వవిద్యాలయంలో సర్వే పాఠాలు చదివే రోజుల్లో అబ్బిన ఈ పట్టింపును ఆయన నడివయసు దాటినా వదల్లేదు. సంబంధాలు చూసిన కాలంలో కూడా, "మావాడికి పిల్ల నచ్చిందట, కానీ చుక్కల్లోనే నచ్చిందట" అంటూ అక్క ఇంటిల్లిపాదినీ నవ్వించేది. ఆ సంబంధాలేవీ నిండు గీత దాకా రాలేదు. ఆయన అక్క ఇంటి మేడగదిలోనే స్థిరపడిపోయాడు.

మేడగది కింద అక్క బైండింగు దుకాణం. జిగురు వాసన, దారపు ఉండలు, బరువు కింద ఆరుతున్న పుస్తకాలు. గది నడుమ వెడల్పాటి కుట్టుబల్ల. ఆ బల్ల ఒక చివర అక్క పుస్తకాలు కుడుతుంటే, రెండో చివర బావ కూర్చుని నవల రాసేవాడు. అది వాళ్ళ వీధి గురించిన నవల. వీధిని వెడల్పు చేస్తారన్న పుకారు పుట్టేచోటు దాకా రాసేసరికి బావ గుండె ఆగిపోయింది. నవలా అక్కడే ఆగిపోయింది. పుకారు మాత్రం నిజమే. రోడ్ల కార్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ వీధి మీద కన్నేసి ఉన్నారు. కానీ ఒకరి గోడ మరొకరి వంటింట్లోకి, ఒకరి మెట్లు మరొకరి పెరట్లోకి దూరిన ఆ మెలికల వీధిని కొలిచి పటం తయారుచేయడం ఎవరి తరమూ కాలేదు. లోపలికి రానిస్తే కదా కొలవడానికి!

పటాలాయన పనిచేసే ప్రచురణశాల పుస్తకాలను పుస్తకాల్లా వేయదు, పటాలుగా వేస్తుంది. దాని యజమానిని అందరూ మడతల మాస్టారు అంటారు. మడత విప్పి చదవలేనిది ఆయన దృష్టిలో చదువే కాదు. ఒకసారి పేజీల కొద్దీ సాగిన కోర్టు తీర్పును భవనం నమూనాగా అచ్చువేశాడు: లోపలికి గుమ్మాలు బోలెడు, బయటికి ఒక్కటీ లేదు. ఒక ప్రేమకథను నదిగా గీయించి, నాయిక అలిగిన చోటల్లా ఇసుకమేటలు వేయించాడు. కొన్నవాళ్ళు తక్కువ. కొన్నవాళ్ళలో తిరిగి మడవడం చేతకాక తిట్టుకున్నవాళ్ళు ఎక్కువ.

బావ నవల సంగతి తెలిసి మడతల మాస్టారు స్వయంగా దుకాణానికి వచ్చాడు.

"అమ్మా, ఆయన ఆగిన చోటి నుంచి మూడు దారులు తీద్దాం. ఆయన వాక్యాలు గోడల వెంబడి నడుస్తాయి. చదివేవాడు వీధిలో తిరుగుతూ, రేపు ఏమవుతుందో మూడు రకాలుగా చూస్తాడు."

అక్క సూదిలో దారం ఎక్కిస్తూ అంతా విన్నది. "నాకు అదంతా తెలియదు మాస్టారూ. చూసినవాడెవడైనా సరే, ఈ వీధి మీద చెయ్యి వేయడానికి సిగ్గుపడాలి. అలా చేయగలిగితే చేయండి." తరవాత తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, ఆయన లేడు. ఆయన రాసిన వీధైనా ఉండాలిరా."

పటాలాయన వీధిని కొలవడం మొదలుపెట్టాడు. ఎవరికీ తెరవని తలుపులు ఆయనకు తెరుచుకున్నాయి. "మన బైండింగక్క తమ్ముడే కదా" అని పడగ్గదుల్లోకి రానిచ్చారు, మంచాలు జరిపి చోటు చూపించారు, టేపు రెండో కొస పట్టుకుని నిలబడ్డారు. ఎదురింటి తాళాలాయన, "మా ఆవిడ కోపం ఎంత పొడుగుందో కూడా కొలిచి పెట్టవయ్యా, పుణ్యముంటుంది" అన్నాడు. "టేపు చాలదండీ" అన్నాడు పటాలాయన. ఆయన జోకు వేయడం వీధి విన్నది అదే మొదలు.

మొదటి పటంలో వీధి నిలిచింది. పెరటి గోడలు పడిపోయి, అందరికీ కలిపి ఒక పెద్ద వాకిలి ఏర్పడింది. రెండోదాంట్లో సగం వీధి మిగిలింది. మూడోదాంట్లో వీధి లేదు, రోడ్డు ఉంది.

గీసినవి చూపించినప్పుడు అక్క మొహం చిట్లించింది. "మంచి జరిగే కాగితం నిండా ఈ చుక్కలేమిట్రా, ఈగలు వాలినట్టు?"

"అది జరుగుతుందన్న నమ్మకం లేదక్కా."

"మరి చెడు జరుగుతుందని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చెడుకు కొలతలున్నాయి. రోడ్డు ఎంత వెడల్పుండాలో, మురుగు ఎటు పోవాలో, ఏ గోడ ఎక్కడ తెగాలో అన్నీ లెక్కకు అందుతాయి. వాకిట్లో మనుషులు కలిసి కూర్చుంటారా లేదా అన్నదానికి ఏ కొలత పెట్టను?"

అక్క మళ్ళీ సూది అందుకుంది. చదువుకున్నవాడు, వాడికే తెలియాలి అనుకుంది.

ఆ మూడో పటంలో రోడ్డును ఆయన మొదట తిన్నగానే గీశాడు. అలా గీస్తే అది వీధి చివర పాడుబడ్డ నూనె గోదాము మీదుగా పోయి, దుకాణానికి దూరంగా మలుపు తిరిగింది. మడతల మాస్టారు దాన్ని చూసి పెదవి విరిచాడు. "ఇది రోడ్డయ్యా, కథ కాదు. గోదాము పోతే ఎవరికి నొప్పి? చదివేవాడి వేలు ఎక్కడో ఒకచోట ఆగి వణకాలి."

పటాలాయన ఆ గీత చెరిపేశాడు. రోడ్డును కొద్దిగా వంచి, దుకాణంలోకి తెచ్చి, సరిగ్గా కుట్టుబల్ల మీదుగా పోనిచ్చాడు. బావ రాసిన కాగితాల్లో అలాంటిదేదీ లేదు. కానీ కంపాసు తిప్పేసరికి వంపు ఎంత ఒద్దికగా కుదిరిందంటే, పనివాడి సంతోషం మిగతా సందేహాలన్నిటినీ మింగేసింది. కొలతలన్నీ సరిపోయాయి కాబట్టి నియమం ప్రకారం దాన్ని నిండు గీతతోనే గీశాడు. అచ్చయి వచ్చిన పటాలను అక్క ఆ బల్ల మీదే మడిచి, అట్టలు వేసింది.

పుస్తకం ప్రదర్శనకు రోడ్ల కార్యాలయం ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడు. పటం మీదికి వంగి చాలాసేపు చూసి, "ఇంత శుభ్రమైన పని ఈమధ్య ఎక్కడా చూడలేదండీ" అని ఒక ప్రతి కొనుక్కుని వెళ్ళాడు. ఆ మాటను పటాలాయన చాలా రోజులు లోలోపల చప్పరించాడు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక ఉదయం తాళాలాయన కేక వినిపించింది. "ఏమయ్యా పటాలాయనా! మీ పుస్తకంలో గీతలు మా గోడల మీదికి ఎక్కుతున్నాయేమిటి?"

పటాలాయన దిగి వచ్చాడు. గోడ గోడకీ ఎర్రరంగు గుర్తులు. రంగుడబ్బా పట్టుకున్న మనిషి తడుముకోకుండా, ఎవర్నీ ఏమీ అడక్కుండా నడుస్తున్నాడు. దుకాణంలోకి వచ్చి, "అమ్మా, ఆ స్టూలు కాస్త జరపండి" అని, వెనకగోడ మీద ఒక గుర్తు, కుట్టుబల్ల కాలి దగ్గర నేల మీద ఇంకొకటి వేసి వెళ్ళిపోయాడు. ఆ కొలత బయటివాళ్ళెవరికీ తెలిసే వీలు లేదు.

పటాలాయన చెప్పులు సరిగా తొడుక్కోకుండానే కార్యాలయానికి పరుగెత్తాడు. ఇంజనీరు బల్ల వెనక గోడకు మూడో పటం అతికించి ఉంది. దాని మడతలను ఎవరో ఇస్త్రీ చేసినట్టున్నారు.

"అది కథండీ" అన్నాడు పటాలాయన.

"కథైతే చుక్కల్లో గీయాల్సింది కదండీ?" ఇంజనీరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మిగతా రెండూ చూడగానే కథలని మాకు తెలిసిపోయింది. ఇదొక్కటే పటం. సూచికలో మీరే రాశారు, నిండు గీత అంటే ఖాయమని."

"ఇది తప్పు పటమని రాసిస్తాను. సంతకం పెడతాను."

"తప్పెలా అవుతుందండీ? ఒక గోడ కొస బయట కనబడితే కొలిచాం, ఒక మూల మేడమీంచి చూసి కొలిచాం. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ఇన్నేళ్ళుగా మావల్ల కానిది మీరు చేసిపెట్టారు."

"పోనీ, ఆ వంపు తీసేయండి. రోడ్డు తిన్నగా గోదాము మీంచి పోతుంది. ఆ వంపుకు ఏ అవసరమూ లేదు."

ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ వంపు మాకూ అంతుపట్టలేదు. ఇంత కొలిచిన మనిషి ఊరికే వంచడు, కింద పాత కాలువేదో ఉండి ఉంటుందనుకున్నాం. గోదాము స్థలం ఖాళీగా మిగులుతుందని పటంలో ఉంది కదా, దాన్ని మా పైవాళ్ళు వేరేవాళ్ళకు రాసిచ్చేశారు. పునాదులు కూడా తీశారు." కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ ఎందుకు వంచారండీ?"

పటాలాయన దగ్గర జవాబు ఉంది. అది ఆ గదిలో చెప్పుకోదగ్గ జవాబు కాదు.

తిరిగి వస్తూ ప్రచురణశాల మెట్లెక్కాడు. మడతల మాస్టారు అప్పటికే విన్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, అవి ఏ రకం నీళ్ళో పటాలాయన పోల్చుకోలేకపోయాడు. "ఘోరం, ఘోరం" అని తల పట్టుకుని, ఆ చేతులు తీయకుండానే, "కానీ చూడు, ఒక పుస్తకం ఇంతగా నిజం కావడం ఎక్కడైనా ఉందా? జనం అడుగుతున్నారయ్యా. మళ్ళీ అచ్చువేయాలి" అన్నాడు. పటాలాయన మెట్లు దిగిపోయాడు.

వీధిలో అరుగుల మీది మాటలు ఆయన్ని చూడగానే ఆగిపోయాయి. తాళాలాయన తలెత్తలేదు, తాళాన్ని ఆకురాయితో గీస్తూ, "పడగ్గది దాకా రానిచ్చాం" అని తాళంతో అన్నట్టు అన్నాడు.

దుకాణంలో అక్క పుస్తకాలను కట్టలు కడుతోంది. పటాలాయన గడప దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, రోడ్డు ఇటు రావాల్సింది కాదు. నేనే..."

"తెలుసురా."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? అవన్నీ మడిచింది ఎవరు?" అక్క ముడి బిగించి, మిగిలిన దారాన్ని పంటితో తెంపింది. "మీ బావ కాగితాలు నాకు నోటికొచ్చు. అందులో ఈ బల్ల మీదుగా రోడ్డు లేదు. నువ్వు పెట్టావని మొదటి కాగితం మడిచినప్పుడే తెలిసింది. చూసి ఏడ్చాను కూడా. ఎంత బాగా గీశాడు నా తమ్ముడు అనుకున్నాను."

ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు. తిట్టి ఉంటే ఆ తిట్లు పట్టుకుని నిలబడేవాడు.

"ఎక్కడికి వెళదాం?" అని అడిగాడు.

"మా ఆడపడుచు ఇంటి వెనక ఒక గది ఉంది. రమ్మంది." అక్క ఇంకో కట్ట అందుకుంది. "ఒక్క మనిషికి సరిపోతుంది."

"నేను వరండాలోనైనా..."

"ఒక్క మనిషికేరా" అంది అక్క. ఆ గొంతులో కోపం లేదు. జబ్బు మనిషికి మందు వేళ చెప్పినంత మెల్లగా అంది.

ఆయన ఒక కట్ట ఎత్తబోతే, "ఉండనీ, నేను సర్దుకుంటాను" అని దాన్ని తన వైపు లాక్కుంది. ఆ గది ఎంత పొడవో, ఎంత వెడల్పో ఆయన అడగలేదు.