కడిగిన బావి

నారింజ వాగు పొంగి వంతెన మీది ఇనుప కమ్మీలను ఊడ్చుకుపోయిన ఏడాది అది. ఆ వరదకే సర్కారు బండ్ల షెడ్డు వెనక గోడ కూలింది. రోడ్ల పనికి తిరిగే లారీలను, రోలర్లను, తారు ట్యాంకర్లను కడిగేది ఆ షెడ్డులోనే. అంతకు ముందు కడిగిన నీళ్లు గోడ లోపలే ఒక గుంతలో ఇంకేవి. వరద ఆ గుంతను మట్టితో పూడ్చేసింది. నీళ్లు కూలిన గోడ దాటి ఒర్రె పట్టాయి, చేన్ల మధ్య పారే చిన్న వాగు అది. ఒర్రె పక్కనే బస్వరాజ్ బావి.

బస్వరాజ్‌కు ఎకరంన్నర భూమి. అల్లం తప్ప ఇంకో పంట ఎరగడు. మాట తక్కువ మనిషి. కూరలో ఉప్పు లేకపోయినా నోరు తెరిచి అడగడు, చప్పగానే తిని లేస్తాడు.

వానలు వెనకబట్టాక బావి నీళ్ల మీద నూనె తెట్టె కట్టింది. బర్రె మూతి పెట్టి వెనక్కి తీసుకుంది. ఆ నీళ్లు పారిన మడుల్లో అల్లం ఆకు పసుపు తిరిగింది. తవ్వితే గడ్డ మెత్తబడి చేతికి అంటుకుంది. అల్లానికి కుళ్లు ఏటా ఉన్నదేనని పక్క చేన్ల వాళ్లు అన్నారు.  బస్వరాజ్ సీసాలో నీళ్లు పట్టుకుని షెడ్డుకు పోయాడు.

షెడ్డు చూసుకునే జగన్‌మోహన్ చెడ్డవాడు కాదు. మూత తీసి వాసన చూశాడు. కొత్త గుంత తవ్వించమని పైవాళ్లను అడిగి అడిగి నోరు నొచ్చిందని, ఎవరూ వినలేదని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"జర ఓపిక పట్టు కాకా. బుధవారం హైదరాబాద్ నుంచి కొలిచే మేడమ్ వస్తున్నది. ఏ షెడ్డు నేలను, నీళ్లను ఎంత ఖరాబ్ చేస్తున్నదో చూసి మార్కులేస్తరు. మాకు మార్కులు తక్కువ పడితేనే గుంత మంజూరైతది. నీ బాయి నీళ్లు గూడ పట్టమని చెప్త."

"తక్కువ పడితె నీకు మాట రాదా సారూ?"

"వస్తది. పడ్త. గోడ కూలిన కాడికెల్లి పడుతనే ఉన్న."

బస్వరాజ్ చాలా రోజులకు నవ్వాడు. వానలు పడేలోపు గుంత తయారైతే బావి తేరుకుంటుంది, అల్లం పెట్టొచ్చు. లేకపోతే బావి పోయినట్టే. బావి పోతే అల్లం లేదు.

ఇంటికొచ్చి భార్య శరణమ్మతో ఒక్క మాటే చెప్పాడు, బుధవారం పట్నం మేడమ్ బావి చూడడానికి వస్తుందని. ఎందుకో చెప్పలేదు. ఆమె అడిగేలోపే కోహీర్‌లో బావ పోయాడని కబురొచ్చింది. ఉన్నపళంగా పోయి, దినాలకని అక్కడే ఆగిపోయాడు.

ఆ ఇంట్లో కొత్త మనిషికి మురికి బావి చూపించరు. పిల్లనిచ్చేవాళ్లు వచ్చినా ముందు బావి దగ్గరికే తీసుకుపోతారు. నీళ్లను చూసే ఇల్లు ఎలాంటిదో తెలుసుకుంటారు. శరణమ్మ కాపురానికొచ్చినప్పటి నుంచి చుట్టాలు వస్తున్నారంటే మొదట కడిగేది బావినే. అలాంటిది, పట్నం నుంచి మేడమ్ వస్తోంది.

బుధవారం బస్వరాజ్ కోహీర్ నుంచి నేరుగా షెడ్డుకు వచ్చాడు. షెడ్డు పెళ్లింటిలా ఉంది. గేటు ముందు ముగ్గు, గోడకు సున్నం. ఒక్క లారీ లేదు. పైవాళ్లు మనుషులను పంపి నేలంతా గీకించారని, బండ్లు కడగడం వారం నుంచే ఆపించారని జగన్‌మోహన్ చెవిలో చెప్పాడు. ఒర్రె కూడా ఎండిపోయింది.

"షెడ్డుల ఏం దొరకలే కాకా. ఇగ నీ బాయే దిక్కు."

కొలిచే మేడమ్ పేరు శోభారాణి. ఖాళీ సీసాల పెట్టె పట్టుకుని, బస్వరాజ్ పక్కింటి యాకోబు ఆటో ఎక్కింది. దారంతా బస్వరాజ్ ముందు కూర్చుని బావి వైపే చూస్తున్నాడు.

బావి ఒడ్డుకు ఎర్రటి జాజుమట్టి పూసి ఉంది. మామిడాకులు కట్టి ఉన్నాయి. నీళ్లలో అడుగు మెట్టు దాకా కనబడుతోంది. శరణమ్మ, యాకోబు భార్య కృప మోకాళ్ల దాకా తడిసిన చీరలతో, మజ్జిగ చెంబుతో నిలబడ్డారు. రెండు రోజులు మోటారు నడిపి బావి మొత్తం తోడేశారట. గోనె సంచులతో గోడలు తుడిచి, అడుగు బురద ఎత్తిపోసి, సున్నం చల్లారట. జిడ్డు పట్టిన సంచులను కాల్చేశారట. శరణమ్మ ఇవన్నీ మేడమ్‌కు సంబరంగా చెప్పింది.

శోభారాణి సీసా ముంచి వెలుతురుకు పట్టింది. నీళ్లు తేటగా ఉన్నాయి.

"మొన్నటి దాక నూనె ఉండె మేడమ్," అన్నాడు బస్వరాజ్. "మా ఆమెకు ఎరుక లేక కడిగింది."

"నేను నమ్ముతాను పెద్దాయనా. కానీ సీసాలో ఉన్నదే లెక్క. నా మాటకు మార్కు లేదు."

మళ్లీ ఎప్పుడు వస్తారని అడిగాడు. మూడేళ్లకు అంది. మజ్జిగ తాగి, చెంబు చేతికిచ్చి వెళ్లిపోయింది.

ఆటో కనుమరుగయ్యాక శరణమ్మ మొగుడి ముందుకొచ్చింది. "వచ్చిన మనిషి ముందల నన్ను గట్లంటవా? కడిగింది తప్పా?"

అప్పుడు చెప్పాడు, గుంత సంగతి, మార్కుల సంగతి. ఆమె విని మజ్జిగ చెంబు కింద పెట్టింది.

"గీ మాట పోయేటప్పుడు చెప్తే నీ నోట్ల ముత్యాలు రాలుతుండెనా?"

 బస్వరాజ్ బర్రె తాడు విప్పి ఇంటి దారి పట్టాడు.

లారీలు తిరిగొచ్చాయి. ఒర్రె పారింది. బావిలో ఒక మూల నుంచి తెట్టె మళ్లీ మొదలై మెల్లగా అంతా పరుచుకుంది. నెల తిరిగాక ఒక సాయంత్రం జగన్‌మోహన్ ఫోన్ చేశాడు. జిల్లాలో తమ షెడ్డే మొదట వచ్చిందన్నాడు. ఇంత శుభ్రంగా ఉన్నచోట గుంత ఎందుకని పైవాళ్లు అన్నారట.

"నాకు శాలువ కప్పుతరట కాకా," అన్నాడు. "ఏం చెప్పాల్నో సమజ్ గాలే."

బస్వరాజ్ ఫోన్ పెట్టేశాడు.  శరణమ్మ అతని మొహం చూసి, విత్తనానికని ఎండకుండా దాచిన అల్లం మీది నుంచి తడి గోనెను తీసేసింది.

తెల్లారి బస్వరాజ్ బావిలోకి దిగి మోటారు విప్పాడు. పైనుంచి శరణమ్మ తాడు లాగింది. తర్వాత అతను గొడ్డలి తీసుకుపోయి తుమ్మ కంప కొట్టుకొచ్చాడు. మేకలు, బర్రెలు ఆ నీళ్లలో మూతి పెట్టకుండా బావి చుట్టూ ఖాళీ లేకుండా పేర్చాడు.