ఎవరూ వెళ్ళిపోని చర్చి

నెల్లూరులో తమ బాప్టిస్టు చర్చికి నూరేళ్ళ పండుగ వస్తోందని, దాని చరిత్ర రాసే పని సంఘం నవోమికి అప్పజెప్పింది. ఆమె అర్హతలు ఏమిటంటే, అందరికన్నా ముసలిది, పైగా బడి మొహం చూడకుండానే బైబిలు కూడబలుక్కుని చదువు నేర్చింది. ఇంతకాలానికి తనూ రచయిత్రినయ్యానని ఆమె ఆ రోజంతా కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉంది.

చిక్కల్లా నవోమికి వీడ్కోలంటే దడ. ఎవరినైనా సాగనంపాల్సి వస్తే ముందురోజే జ్వరం తెచ్చుకునే మనిషి. ఆ దడ కాగితం మీద కూడా వదల్లేదు. చరిత్రలో, సీమకు తిరిగి వెళ్ళిన మిషనరీ దొరసానిని ఓడ ఎక్కించలేకపోయింది. బదిలీ అయిన పాస్టర్లను బదిలీ చెయ్యలేకపోయింది.

సంఘం సెక్రటరీ హెన్రీ ఆ కాగితాలు చదివి తల గోక్కున్నాడు.

“నవోమమ్మా, మీ లెక్కన మనకిప్పుడు అయిదుగురు పాస్టర్లు. ఉండేదేమో రెండు గదుల ఇల్లు. అంతమందికీ వంట ఎవరు చేస్తా ఉండారు?”

“సర్దుకుంటారులే నాయనా, దైవసేవకులు కదా.”

“దొరసానమ్మకు నూట నలభై ఏళ్ళు దాటినాయి.”

“గట్టి మనిషి,” అంది నవోమి, తనకే నవ్వొచ్చి.

“అవన్నీ నేను సర్దుతా. మైపాడోళ్ళ సంగతి మాత్రం మీరే రాయాల. ఆదివారం పండక్కి వాళ్ళ సంఘమంతా వస్తా ఉంది.”

నవోమి నవ్వు ఆగిపోయింది. మైపాడు సంగతంటే తన నేస్తం ఎలిశబెతు సంగతి. వేదిక కింద సిమెంటు తొట్టి కట్టించి, బాప్తిస్మాలు ఇక ఇందులోనే అన్నప్పుడు సంఘం రెండుగా చీలింది. సముద్రంలో మునిగితేనే మునిగినట్టని కొందరు సముద్రపొడ్డున మైపాడు వెళ్ళి వేరే చర్చి పెట్టుకున్నారు. వాళ్ళతో ఎలిశబెతు వెళ్ళింది. నవోమి తొట్టి పక్షం. లేఖనాలు పరిశోధించి కాదు, అలలంటే భయం. అంతవరకు ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడిన ఆ ఇద్దరికీ, ఆ తర్వాత పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఓ పలకరింపు మిగిలింది. వెళ్ళిపోయిందని రాస్తే మళ్ళీ వెళ్ళగొట్టినట్టవుతుందేమో, ఆ పలకరింపు కూడా పోతుందేమో అని నవోమి భయం. ఆలోచించి ఆలోచించి, ‘సంఘమంతా కలిసిమెలిసి ఉన్నది’ అని రాసి పెట్టింది.

ఆదివారం మైకు ముందు నిలబడి సరిగ్గా ఆ వాక్యమే చదివింది.

ముందు బెంచీలోంచి ఎలిశబెతు లేచింది.

“ఏంది మే నవోమీ, మేం యాడికీ పోలేదా?”

“పోయినారని చదివితే నువ్వు బాధపడతావని...” మైకు ఉందన్న సంగతి మరిచి నవోమి గుసగుసలాడింది. ఆ గుసగుస చర్చంతా మోగింది.

“మేం పోకపోతే మా చర్చి ఎట్ట పుట్టినట్టు? ఇంతమందిమి నీ తొట్టి చూసేదానికి వచ్చినామా? పంపించు మే మమ్మల్ని! ఎన్నేళ్ళని గుమ్మంలో నిలబెడతావు?”

చర్చి ఘొల్లుమంది. నవోమి కాగితాలు పక్కన పెట్టింది.

“ఎలిశబెతు, ఆమెతోటివాళ్ళు ఈ చర్చి వదిలి మైపాడు వెళ్ళిపోయారు,” అంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “అక్కడ వాళ్ళకొక చర్చి ఉంది. బాగున్నారు.”

“ఆమెన్!” అన్నారు మైపాడువాళ్ళు.

ఎలిశబెతు వేదిక దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. “సాయంత్రం మళ్ళా పోతాం. అది గూడా రాసుకో.”

నవోమి నిజంగానే పెన్ను కోసం వెతుక్కుంది.