పదిహేను పక్కన పది

ఎఫ్రినాల్డి తన మూడు వరసల కార్లో చివరి సీటు ఊడబీకించి తెచ్చి వరండాలో పెట్టాడు. ఆ సీటు వాళ్ల అత్తగారిది. కాగితాల మీద కాదు, కూర్చోవడం వల్ల. ఇండోనేషియాలో ఉన్న ఈ పాడంగులో చాలా హక్కులు అలాగే వస్తాయి.

"ఇదేంటి?" అంది అత్తగారు, అమాక్ రోస్మా.

"సీటు, అమాక్."

"అది నాకూ కనబడుతోంది. కార్లో ఉండాల్సింది వరండాలో ఎందుకుందీ అని."

"దాని జాగాలో సబ్‌వూఫర్లు పెట్టిస్తున్నా. ఒకటి పదిహేను అంగుళాలది, ఒకటి పది అంగుళాలది."

ఆవిడ నింపాదిగా ఆ సీట్లో కూర్చుని, వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. "శనివారం మా చెల్లెలి మనవరాలి పెళ్లి. నేనూ, నా చెల్లెళ్లిద్దరూ, రెందాంగు మాంసం కూర తాంబాళాలూ ఆ కార్లోనే వెళ్తున్నాం. ఎక్కడ కూర్చుంటామనేది నీ తలనొప్పి. అప్పటికి నీ పెట్టె మోగి, విన్నవాళ్లకి బాగుందనిపించిందా, ఉంచుకో. లేదా ఆదివారానికి నా సీటు నాక్కావాలి."

పాడంగులో పెళ్లయ్యాక మగాడే అత్తారింటికి వెళ్తాడు. ఊరంతా ఇల్లరికమే గనక ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకోరు. ఇల్లు అత్తగారిది, పెరడు అత్తగారిది, కారు నిలబెట్టే షెడ్డూ అత్తగారిదే. అల్లుడంటే మోడు మీద బూడిద అని సామెత. గాలి వచ్చేదాకా ఉంటాడు. నీళ్ల ఆఫీసులో ఎఫ్రినాల్డి కింద ఓ సెక్షనంతా పనిచేస్తుంది. ఇంట్లో అతని మాట వినేది ఆ కారొక్కటే, అదీ స్టీరింగు తిప్పినప్పుడు.

కారంటే అతనికి ప్రాణం. కొని ఏడాదైనా సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. ఎండలో ఎక్కినవాళ్లు దిగేటప్పుడు కొంచెం చర్మం అక్కడే వదిలి దిగేవాళ్లు. మోతంటే మాత్రం గిట్టదని పేరు. వార్డు మీటింగులో లేచి, ఊళ్లో జనాన్ని తిప్పే అంగ్‌కోట్ వ్యాన్ల పాటల వల్ల పిల్లల చదువులు పాడవుతున్నాయని మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ రోజు ఇంటికొస్తూ మూలమలుపు దగ్గర ఓ ముసలి అంగ్‌కోట్ దడదడమంటూ పోతుంటే, అది కనుమరుగయ్యేదాకా బండాపి విన్నాడు. ఆ సంగతి మీటింగులో చెప్పలేదు.

అతనికి కావలసింది హలిలింతార్ మోత.

హైస్కూలు రోజుల్లో వాళ్ల రూట్లో ఇజోన్ నడిపే అంగ్‌కోట్ పేరది. పిడుగని అర్థం. ఆ రోజుల్లో బేస్ లేని బండి ఖాళీగా వచ్చి ముందు ఆగినా పిల్లలు ఎక్కేవాళ్లు కాదు. ఆకాశంకేసి చూసేవాళ్లు. డ్రైవరు పాపం అటూ ఇటూ చూసి, తన బండిలో ఎవరన్నా చచ్చారా అన్నట్టు వెనక్కి తిరిగి చూసుకుని పోయేవాడు. హలిలింతార్ కోసం ఎంతసేపైనా నిలబడేవాళ్లు. బడిలో ఆలస్యం ఎందుకైందంటే బండి దొరకలేదనేవాళ్లు. అబద్ధం కాదు, కావలసిన బండి దొరకలేదు.

వ్యాన్ వెనక అడ్డంగా ఓ చెక్కపెట్టె. అందులో పదిహేను అంగుళాలదొకటి, పక్కన పది అంగుళాలదొకటి, తండ్రీకొడుకులు ఫోటోకి కూర్చున్నట్టు. మలేషియా ఏడుపు పాట ఏదైనా పెడితే పెద్దది పొట్టలో గుద్దేది. చిన్నది ఆ వెంటనే వీపు నిమిరేది. ముందు దెబ్బ, తర్వాత ఓదార్పు. ఇరవై ఏళ్లలో ఎన్ని స్పీకర్లు విన్నా అన్నీ కొట్టేవే, నిమరడం తెలిసినదాన్ని మళ్లీ వినలేదు. ఆ పెట్టె మీదే చివరి మూలన ఓ సన్నటి అమ్మాయి తలుపు పట్టుకుని కూర్చునేది. ఆ అమ్మాయి నేలీ. ఇప్పుడు భార్య.

"నీకు ఆ మోత గుర్తుందా?" అనడిగాడు.

"తల టాపుకి కొట్టుకోవడం గుర్తుంది," అంది నేలీ చేపలు తోముతూ.

ఉలాక్ కరాంగ్‌లో స్పీకర్లు బిగించే అజో బస్రిల్ మొదట్లోనే మొహం చిట్లించాడు. "సారూ, రెండు సైజులు ఒకే పెట్టెలోనా? పెద్దదాని నడక పెద్దది, చిన్నదాని నడక చిన్నది. ఇది తోస్తుంటే అది లాగుతుంది. రెండు పన్నెండులు పెట్టుకోండి, హాయిగా ఉంటారు."

"హాయి కాదు అజో నాక్కావలసింది. పదిహేనూ, పదీ."

"డాక్టరు చీటీ రాసిచ్చాడా ఏంటి?" అని గొణుక్కుంటూనే పెట్టె కోశాడు.

గురువారం మధ్యాహ్నానికి బిగించడం అయింది. పాట పెట్టారు. ఇద్దరు మనుషులు ఒక బీరువాని ఒకే మెట్లమీద, ఒకడు పైకి, ఒకడు కిందికి మోస్తున్నట్టుంది. వైర్లు తిప్పి పెట్టారు. ఈసారి బీరువా కూడా మాయమైంది, మెట్లు మాత్రం మిగిలాయి. అజో అక్కడ తిప్పాడు, ఇక్కడ తిప్పాడు, గుడ్డుసొన గిలక్కొట్టి కలిపిన టీ తెప్పించుకుని తాగాడు.

"సారూ, మీ హలిలింతార్ నేనూ ఎక్కాను. బాగానే మోగేది. ఎందుకో మాత్రం నన్నడక్కండి. ఆ ఇజోన్ బతికే ఉన్నాడు. పురుస్ బీచిలో పెళ్లాంతో కలిసి తోపుడుబండి మీద పిచల్, అదే వేరుశనగ పచ్చడి కలిపిన ఉడికించిన ఆకుకూరలు, అమ్ముతున్నాడు. వెళ్లి ఆయన్నే పట్టుకోండి."

శుక్రవారం నమాజయ్యాక ఎఫ్రినాల్డి తిన్నగా బీచికెళ్లాడు. ఇజోన్ బట్టతల మీద టోపీ పెట్టుకుని రోట్లో వేరుశనగలు నూరుతున్నాడు. ఆఫీసు యూనిఫాం చూసి ముందు బండి కింద నీళ్ల గొట్టంకేసి, తర్వాత ఇతనికేసి చూశాడు.

"ఆ కుళాయి పక్క బండివాడిది. మాది కాదు."

"నీళ్ల సంగతి కాదు ఇజోనన్నా. హలిలింతార్ సంగతి. నేను రోజూ ఎక్కేవాణ్ణి."

ఇజోన్ మొహం విచ్చుకుంది. "ఎక్కినవాళ్లంతా ఇప్పుడు ఆఫీసర్లయి కార్లు కొనుక్కున్నారు. నేనేమో ఎక్కేవాళ్లు లేక పచ్చడి నూరుకుంటున్నా. కూచో. కారం ఎంత వెయ్యమంటావ్?"

"అన్నా, ఆ పదిహేనునీ పదినీ ఎలా కలిపావు?"

"కలపడమేంటి?"

"ఒకే పెట్టెలో కదా. ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా ఏ వైరు దేనికిచ్చావు?"

"పదిదానికి వైరెక్కడిది? అది కొన్న నెలకే కాలిపోయింది. వాసనొస్తోందని ఆడపిల్లలు గొడవచేస్తే వైరు పీకేశా."

ఎఫ్రినాల్డి పిచల్ ఆకు పక్కకి జరిపాడు. "మరి తీసెయ్యలేదే?"

"తీస్తే బొక్క కనబడదూ? ఆ బొక్కలో మీ బడి వెధవలు ఐస్‌క్రీం కాగితాలు కుక్కేవాళ్లు. అందుకని ఉంచేశా."

"కానీ అది ఊగేది, అన్నా. నా కళ్లతో చూశాను."

"ఎందుకూగదు? పెట్టె ఒకటే కదా. పెద్దాడు గాలి పీలిస్తే వీడి పొట్టా కదులుతుంది. నీకు పెళ్లయిందా?"

"అయింది."

"అత్తారింట్లోనే కదా ఉండేది?"

"ఎక్కడుంటాను మరి?"

"అయితే నీకు వేరే చెప్పక్కర్లేదు," అని ఇజోన్ ఇంకో గరిటె కారం వేశాడు.

సాయంత్రం అజో వైరు పీకుతూ నవ్వు ఆపుకోలేక కారులోంచి తల బయటపెట్టాడు. కొత్త స్పీకరుని కొని, బిగించి, కాలకుండానే చంపించుకున్న మనిషిని అతను అంతవరకూ చూడలేదు. పాట పెట్టారు. బీరువా మోసేవాళ్లిద్దరూ వెళ్లిపోయారు. పెద్దది కొట్టింది, చిన్నది ఊగింది. ఎఫ్రినాల్డి కళ్లు మూసుకుని విన్నాడు.

"వచ్చిందా సారూ?"

"వచ్చింది." కళ్లు తెరిచి, "సగం వచ్చింది," అన్నాడు. దెబ్బ ఉంది. నిమరడం ఉంది గానీ, చేతికి గాజులేసుకుని నిమిరినట్టుంది. అద్దాలు గలగలమంటున్నాయి, డోర్లు గుయ్యిమంటున్నాయి. అజో ఇంక తనవల్ల కాదన్నాడు. ఇంటికొస్తూ ఎఫ్రినాల్డి వరండాలో సీటుని చూశాడు. అమాక్ రోస్మా అందులో కూర్చుని రేపు కట్టుకునే జరీ లుంగీకి మడతలు సరిచేసుకుంటోంది. ఏమీ అడగలేదు. అడక్కపోవడంలో ఆవిడ ఆరితేరింది.

శనివారం పొద్దున్న చెల్లెళ్లిద్దరూ జరీ శాలువాలు కప్పుకుని దిగారు. మధ్య సీటంతా తాంబాళాలు. వాటిని ఒరగనిస్తే పెళ్లివారి ముందు తలొంచుకోవాలి గనక, వాటి పక్కనే నేలీ రెండు చేతులూ చాపి కూర్చుంది. ముందు సీట్లో అరటిపళ్ల గెల.

"మేం?" అంది పెద్ద చెల్లెలు.

ఎఫ్రినాల్డి అరటిగెలని ఇంకాస్త జరిపి చూశాడు. అమాక్ రోస్మా అతనికేసి ఓసారి చూసి, దిండు పట్టుకుని వెనక డోరు తీసి, స్పీకరు పెట్టె మీద పక్కకి తిరిగి కూర్చుంది. "అంగ్‌కోట్ ఎక్కి ఎన్నాళ్లయిందీ," అంది. చెల్లెళ్లు ఒకళ్లనొకళ్లు ఆనుకుని సర్దుకున్నారు. కారు వెనకభాగం నిండుగా కిందికి దిగింది.

మోత వద్దనుకున్నాడు గానీ చెయ్యి ఊరుకోలేదు. గల్లీ దాటగానే సన్నగా పాట పెట్టాడు.

అద్దాలు గలగలమనలేదు. డోర్లు గుయ్యిమనలేదు. ముగ్గురు పెద్దమ్మల పట్టు, జరీ, బరువు ఆ గాజుల్ని తీసేశాయి. హలిలింతార్ ఒక్కరోజు కూడా ఖాళీగా నడవలేదన్న సంగతి ఎఫ్రినాల్డికి అప్పుడు గుర్తొచ్చింది. పొట్టలో దెబ్బ. వీపు మీద చెయ్యి. అతను అద్దంలోంచి చూశాడు. నేలీ తాంబాళాలు వదలకుండానే కళ్లు మూసుకుని, పాటలో ఇంకా రాని చరణానికి పెదాలు కదుపుతోంది.

పెళ్లింటికి కుడికి తిరగాలి. అతను తిన్నగా పోనిచ్చాడు. కాసేపటికి ఎడంపక్క సముద్రం వచ్చింది.

"ఇది పెళ్లింటి దారి కాదే," అంది చిన్న చెల్లెలు.

"కాదు," అన్నాడతను.

వెనక దిండు సర్దుకున్న చప్పుడైంది.

"అల్లుడూ," అంది అమాక్ రోస్మా. "ఆదివారం నా సీటు నాక్కావాలి. నడుం పట్టేసింది."

"సరే అమాక్."

"ఇవాళ్టికి పోనీ. రెందాంగు నెల్లాళ్లయినా పాడవదు."