పదహారు మూరల గోలు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు అందులో మొదటి సగమే విన్నట్టుంది. సొంత మైదానంలో దాన్ని ఓడించినవాడు లేడు. పొరుగూరు వెళ్లి గెలిచిన పాపానా పోలేదు.

క్లబ్బు పుట్టినప్పటి గోల్‌కీపరు తాళ్లు పేనే పెద్దాయన. ఆయన నిలబడితే గోలుకి గడియ పడ్డట్టేనని అందరూ ‘తలుపు’ అనేవాళ్లు. మనిషి పొట్టే గానీ, ఆ పేరు చెవిన పడితే బెత్తెడు ఎదిగేవాడు. ఇప్పుడు ఆయన కొడుకు కీపరు. కొత్త కోడలు పొడగరి. దండెం మీద తన చీర పక్కన మొగుడి గ్లవ్స్ ఆరుతుంటే చూసి ఊరికే నవ్వుకునే పిల్ల.

ఆ ఉదయం పుచ్చిపోయిన కర్ర స్తంభాలు పీకేసి ఇనప గోలు నిలబెడుతున్నారు. కోడలు అందరికీ టీ తెచ్చింది. క్లబ్బు కార్యదర్శి అయిన ఊరి మంగలి అడ్డకమ్మిని పాత గుంతల మీద పరిచి చూసి నెత్తి గోక్కున్నాడు.

“బావా, వెల్డింగువాడు కొంప ముంచాడు. కమ్మి గుంత దాటిపోయింది.”

“నా గుంతల్లో తేడా రాదు,” అన్నాడు పెద్దాయన. “ఇరవై నాలుగు అడుగులంటే పదహారు మూరలు. తాడు కొలిచి మరీ పాతించాను. వాడిదే తప్పు.”

కొడుకు టేపు తీసి ఒక చివర పెళ్లానికిచ్చాడు. ఇచ్చే వంకతో ఆమె వేలు నొక్కాడు కూడా. కమ్మి సరిగ్గా ఇరవై నాలుగు అడుగులే ఉంది. గుంతల మధ్యే తక్కువైంది.

“తాడు దేంతో కొలిచారు మావయ్యా?”

“చేత్తోనే అమ్మాయ్. తాళ్లవాడికి వేరే కొలబద్దెందుకు?” అని ఆయన మోచెయ్యి చాపాడు.

ఆమె సరదాగా టేపు పెట్టింది. నమ్మలేక తన చేతికీ పెట్టి చూసుకుంది. మొహంలో నవ్వు పోయింది. మామగారి మూర అడుగున్నరకి అంగుళం తక్కువ. పదహారు మూరలకి పదహారు అంగుళాలు, ఇంచుమించు మూరెడు తగ్గింది.

పెద్దాయన చెయ్యి ఇంకా చాపే ఉంది.

“అయితే నేను తలుపునేం కాదన్నమాట. గుమ్మమే ఇరుకు.”

“రెండు వైపులా అదే తాడు కదా బావా, ఎవరికీ అన్యాయం జరగలేదు. కమ్మి కోయించేద్దాం, మూడో కంటివాడికి తెలీదు. పొద్దున లేస్తే కోతే కదా నా పని!”

పెద్దాయన కొడుకు వైపు తిరిగాడు.

“రేయ్, మొన్న పొరుగూళ్లో గోలు ఎక్కణ్ణించి పడింది?”

“స్తంభం పక్కనించి నాన్నా.”

“నాకూ అక్కణ్ణించే పడేవి. కాళ్లలో చురుకు లేదని నన్ను నేను తిట్టుకునేవాణ్ణి.” పలుగు తీసి కొడుకు చేతిలో పెట్టాడు. “తవ్వు. కమ్మి ఎంతుంటే అంత దూరం.”

గోలు నిలబడ్డాక ఆయన పంచె ఎగగట్టి మధ్యలోకి వెళ్లాడు.

“కొట్టరా.”

కొడుకు బంతిని మెల్లగా ఆయన చేతుల్లోకే తన్నాడు.

“ముద్దు చెయ్యకు. ఆ మూరెడు చోటులోకి కొట్టు.”

ఈసారి బంతి దూసుకొచ్చింది. పెద్దాయన ఎగిరాడు. పాత స్తంభం ఉండే చోటుదాకా వెళ్లి చెయ్యి దానంతటదే ఆగిపోయింది. బంతి వేళ్లకి అవతలగా లోపలికి పోయింది. ఆయన మట్టిలో అలాగే ఉండిపోయాడు. మంగలి రెండడుగులు వేసి, దగ్గరికి వెళ్లడానికి మనసొప్పక నిలబడ్డాడు.

పెద్దాయన తనే లేచి, మోకాళ్లు దులుపుకుని, బంతి తెచ్చి కొడుక్కిచ్చాడు. “రేపట్నించి ఆ చివరే నీ పని.”

పాత వల తగిలించబోతే ఒక పక్క మూరెడు చాల్లేదు. ఆయన షెడ్డులోంచి తాడు చుట్ట తెచ్చి కోడలి ముందు కూర్చున్నాడు.

“చెయ్యి చాపు అమ్మాయ్.”

“టేపు ఉందిగా మావయ్యా.”

“ఇందాక నీది కూడా కొలుచుకున్నావు, చూశాలే. సరిగ్గా అడుగున్నర.”

ఆమె చాపింది. ఆయన తాడు కొసని ఆమె మోచేతి దగ్గర ఆనించి, వేలి చివరిదాకా జాగ్రత్తగా లాగాడు.

“ఒకటి,” అన్నాడు.